ఓడిపోయే ధర

బజారులో ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు. "మూడో కొటేషనాయన" అంటే మాత్రం ఎవరైనా కొట్టు చూపిస్తారు. ఇనప సామాను కొట్టు. గుమ్మం దగ్గర తాళ్ళ చుట్టలు, లోపల సైజుల వారీగా మేకులు పోసిన చెక్క గళ్ళు, వాటి వెనక ఒక స్టూలు, దాని మీద ఆయన. మేకులు అడిగితే ఎక్కడ కొడతారని ఎదురడిగేవాడు. గోడకా, చెక్కకా, పాత చెక్కా, కొత్త చెక్కా? చెప్పకపోతే ఇచ్చేవాడు కాదు. పనికిరాని మేకు అంటగట్టడం ఆయన లెక్కలో దొంగతనం. అలాంటి మనిషి ఇరవై రెండేళ్ళపాటు ప్రభుత్వ బడికి అబద్ధపు ధరలు రాసిచ్చాడు. తేదీ వేసి, ముద్ర కొట్టి మరీ ఇచ్చాడు.

అది తప్పని ఆయనకి తోచలేదు. తోచకుండా చూసుకునే పని నిబంధనలే చేసిపెట్టాయి.

బడికి సుద్దముక్కల డబ్బా కావాలన్నా మూడు కొట్ల నుంచి ధరలు రాయించుకుని, తక్కువ రాసిన వాళ్ళ దగ్గరే కొనాలి. పోటీ ఉంటే ప్రజల సొమ్ము ఆదా అవుతుందని పై ఆఫీసులో ఎవరో పెద్దమనిషి ఆలోచించాడు. మంచి ఆలోచనే. పాపం, ఆయన మా బజారు చూడలేదు. మా బజారులో బడికి సామాను వేసేది మూల కొట్టాయన ఒక్కడే. రెండో కాగితం ఆయన బావమరిది ఇచ్చేవాడు. ఆ బావమరిది దర్జీ. కుట్టుమిషను ముందు కూర్చుని నీళ్ళ పంపులకీ బెంచీలకీ ధరలు రాసేవాడు. లెటర్‌ప్యాడ్ మీద "జనరల్ సప్లయర్స్" అని అచ్చయి ఉంది కాబట్టి పై ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. ఇక మూడో కాగితం మనవాడిది.

బడి గుమాస్తా సంచీ తగిలించుకుని వచ్చేవాడు.

"షావుకారుగారూ, ఒక కాగితం."

"దేనికండీ?"

"పుస్తకాల బీరువాకి."

"నా దగ్గర బీరువాలు లేవు కదండీ."

"ఉంటే ఎంతకమ్మేవారో అది రాయండి. నేను చెప్తాను, మీరు రాసుకోండి."

ఆ బీరువా నా కోసమే. ఆ బడిలో లైబ్రరీ చూసేవాణ్ణి నేను. ఆ మాటలు జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడి ఉన్నాను. నాకు బీరువా కావాలి, అందుకని గోడకి వేలాడుతున్న తాళ్ళని చాలా శ్రద్ధగా చూశాను.

ఓడిపోవడానికీ నేర్పు కావాలి. మరీ ఎక్కువ రాస్తే ఆడిట్‌వాళ్ళు కళ్ళు తెరుస్తారు. దగ్గరగా రాస్తే గెలిచే ప్రమాదం. ఆయన ఆ మధ్యలో ఎక్కడో ఒక గౌరవమైన చోటు కనిపెట్టి, ఏళ్ళ తరబడి అక్కడే కాపురం పెట్టాడు. ఒక్కసారే కాలు జారింది. బ్లాక్‌బోర్డు రంగుకి రాస్తూ, కళ్ళజోడు లేక, గుమాస్తా చెప్పిన అంకెల్లో ఒకటి వదిలేశాడు. మర్నాడు గుమాస్తా రొప్పుతూ వచ్చాడు.

"ఏంటండీ ఇది, నెగ్గేశారు."

"అయ్యో, నేనా?"

"మీరే. ఇప్పుడు మూల కొట్టాయనకి నేను ఏ మొహం చూపించాలి?"

తప్పయిపోయిందని చెప్పి, ఇంకో కాగితం రాసిచ్చి, ఆయన మళ్ళీ మర్యాదగా ఓడిపోయాడు.

ఇందుకు ఆయనకి దక్కేది ఒక టీ. అది కూడా గుమాస్తా తాగేవాడు, ఈయన తెప్పించేవాడు. మధ్యాహ్నాలు కొట్లో కూర్చునే భార్యకి ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది.

"ఓడిపోవడానికి కాగితాలు అచ్చేయించుకునే మనిషిని మిమ్మల్నే చూశాను."

"పోనీవే. ఆఫీసు ఫైల్లో మన కొట్టు పేరుంటుంది."

"ఉంటుంది. అట్టడుగున."

ఆయన మనసులో ఒక్కటే కోరిక ఉండేది. ఆ బడికి ఒక్కసారైనా తన సామాను అమ్మాలి. తను చదివిన బడి. కూతురు చదివింది, ఇప్పుడు మనవరాలు చదువుతోంది. ఆ గదుల్లో ఏ కిటికీ మూసినా, ఏ కుర్చీలో కూర్చున్నా మూల కొట్టాయన సరుకే. కాగితాలు రాస్తూ పోతే ఎప్పటికైనా తన వంతు వస్తుందని నమ్మాడు. క్యూలో ఎటు తిరిగి నిలబడ్డాడో చూసుకోలేదు.

ఉన్నట్టుండి పై ఆఫీసు నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. బడులకి కొనుగోలు నిబంధనలు సడలిస్తున్నారట. చిన్నా చితకా సామానుకి ఇక మూడు కాగితాలు అక్కర్లేదు. బడి పెద్ద తనకి నచ్చిన కొట్లో నేరుగా కొనొచ్చు. కాగితాలు అక్కర్లేదని చెప్పడానికి ఆ ఉత్తర్వుకి పదకొండు పేజీలు పట్టాయి.

గుమాస్తా ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నాడు.

"నచ్చిన చోట కొనమంటే ఎలాగండి? రేపు తప్పొస్తే ఎవరి మీదకి తోస్తాం?"

ఇనప కొట్లో మాత్రం పండగలా ఉంది. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లకి పదకొండు తలుపులున్నాయి, ఒక్కదానికీ లోపల గడియ లేదు. గడియల ఫైలు ఎనిమిది నెలలు తిరిగి, దర్జీ కాగితం మీద తేదీ లేదని వెనక్కొచ్చింది. ఈలోపు పిల్లలు తమ ఏర్పాటేదో తాము చేసుకున్నారు.

"లోపల ఒకళ్ళం, బయట తలుపు పట్టుకుని ఒకళ్ళం తాతయ్యా," అని మనవరాలు చెప్పింది. "బయటది అలిగి వెళ్ళిపోయిందనుకో, ఇక అంతే."

ఆయన ఇత్తడి గడియలు తెప్పించాడు. వేలితో తోస్తే జరిగేవి, తుప్పు పట్టనివి. గుమ్మం ఎదురుగా, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కనపడేలా పేర్చాడు. గల్లా దగ్గర ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. కొత్త హెడ్‌మిస్ట్రెస్ రావాలి.

ఆమె ఆర్నెల్ల కిందటే వచ్చింది. నిజాయితీ ఆమెకి పడిశంలాంటిది, దాచుకుందామన్నా దాగదు. పదకొండు పేజీలూ పూర్తిగా చదివిన మనిషి జిల్లాలో ఆమె ఒక్కర్తే అయి ఉంటుంది. తొమ్మిదో పేజీలో ఒక షరతుంది. కొనేముందు పాత రికార్డులు చూసి, ఆ కొట్టు ధరలు సబబుగా ఉంటాయని తృప్తి పడాలి. ఆమె ఫైళ్ళన్నీ లైబ్రరీకి తెప్పించుకుని రెండ్రోజులు చూసింది. ఆఫీసులో ఫ్యాను లేదు. దాని పాత కొటేషన్ల ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఈ ఇనప కొట్టాయన ఎవరండీ?" అని నన్నడిగింది. "ఇరవై రెండేళ్ళుగా ప్రతిదానికీ అందరికంటే ఈయనదే ఎక్కువ ధర. ఒక్కసారి కూడా తగ్గలేదు. మనిషికి ఇంత ఆశేంటండీ?"

అప్పుడు నేను నోరు విప్పి ఉండాల్సింది. కానీ ఆ ఫైళ్ళలో నా బీరువా కూడా ఉంది. పుస్తకాలు సర్దుకుంటూ ఉండిపోయాను.

మర్నాడు పొద్దున ఆమె బజారుకి వెళ్ళింది. ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఆమె ఇత్తడి గడియల వంక చూసింది, పైన బోర్డు మీద పేరు చూసింది, నడక ఆపకుండా మూల కొట్లోకి వెళ్ళింది. రికార్డుల ప్రకారం ఊళ్ళో అంత చవకైన కొట్టు ఇంకోటి లేదు మరి.

సాయంత్రం ఆయన ఒక గడియని రుమాల్లో చుట్టుకుని బడికొచ్చాడు. ఆఫీసులో ఆమె, గుమాస్తా ఉన్నారు. నేను ఏదో సంతకం కోసం వెళ్ళినట్టు వెళ్ళాను.

"అమ్మా, ఇది చూడండి," అని గడియ బల్ల మీద పెట్టి ధర చెప్పాడు.

ఆమె కళ్ళజోడు తీసింది. "మూల కొట్లో ధర మాత్రమే అడిగొచ్చాను. రేకు గడియకే ఇంతకంటే ఎక్కువ చెప్పారు."

"చెప్తారమ్మా."

"మరి మీ ధర ఇంత తక్కువెలా? పోయినేడాది ఇదే గడియకి మీరు మూడింతలు రాశారు. ఇదుగో, మీ సంతకం."

ఆయన గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా దగ్గాడు. అవసరాన్ని బట్టి వచ్చే దగ్గు అది.

"అవి బడి కోసం రాసిన ధరలమ్మా," అన్నాడు షావుకారు చివరికి.

"ఇది?"

"ఇది అమ్మే ధర."

గుమాస్తా ఒక ఫైలు తీసి తలకిందులుగా చదవడం మొదలెట్టాడు.

"అంటే అవన్నీ ఉత్తివా?" అంది ఆమె.

"మా కొట్టు అంత ఖరీదైనదేం కాదమ్మా. బజారులో ఎవర్నడిగినా చెప్తారు."

"ఎవర్నో అడిగితే సరిపోదండీ. రికార్డులో ఇలా ఉంది. అవి నిజం ధరలు కావని మీరు రాసిస్తే, పైకి పంపి, అప్పుడు మీ దగ్గర కొంటాను."

గుమాస్తా ఫైల్లోంచి తల పైకెత్తాడు. "షావుకారుగారూ, ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. తొందరేముంది?"

"ఇరవై రెండేళ్ళు మీరు చెప్పారు, నేను రాశాను. ఈ ఒక్కటి నన్ను రాయనివ్వండి," అని ఆయన అక్కడే కూర్చుని, గుమాస్తా పెన్నే అడిగి తీసుకుని రాశాడు. ఎవరి పేరూ రాయలేదు. తను రాసిన ధరలు తనవి కావనీ, తన కొట్టు ఖరీదైనది కాదనీ, అంతే. ఆమె నిజాయితీగా పైకి పంపింది.

పై ఆఫీసు అంత త్వరగా కదలడం నా సర్వీసులో నేనెప్పుడూ చూడలేదు. రెండు వారాల్లో జవాబొచ్చింది. బడి ప్రతిసారీ మూడింటిలో తక్కువ ధరకే కొన్నది కాబట్టి నిబంధనలు చక్కగా పాటించినట్టే. గుమాస్తా తప్పేం లేదు. మూల కొట్టాయన తప్పు అసలే లేదు. దర్జీ ఊసే లేదు. అబద్ధపు ధరలు ఇచ్చినట్టు తానే ఒప్పుకున్న వ్యాపారి దగ్గర మాత్రం ఇకమీదట ఏ ప్రభుత్వ బడీ ఏమీ కొనకూడదు.

భార్య ఆ కబురు విని చేతిలో కుట్టుపని పక్కన పెట్టింది. "ఇన్నేళ్ళూ అబద్ధాలు రాస్తే నెత్తిన పెట్టుకున్నారు. ఒక్క నిజం రాయగానే నిజంగానే నమ్మేశారు చూడండి," అంది.

ఆ ఉత్తర్వు నకలు వ్యాపారికి స్వయంగా అందజేసి సంతకం తీసుకోవాలి. గుమాస్తాకి ఆ వారం ఒంట్లో బాగుండలేదు. ఆదివారం పొద్దున హెడ్‌మిస్ట్రెసే వెళ్ళింది. నేను కొట్లో మేకులు ఏరుకుంటున్నాను. ఆయన చదివి, సంతకం పెట్టి, కాగితం తిరిగిచ్చాడు. ఆమె వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"నాకు గడియలు కావాలి," అంది.

"మీకు అమ్మకూడదట కదమ్మా."

"బడికి కాదు. మా ఇంటికి."

"ఎన్ని?"

"పదకొండు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఉండేది రెండు గదుల అద్దె వాటా అని బజారంతటికీ తెలుసు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమాడటం ఆమెకి కొత్త.

"పెద్ద ఇల్లే," అన్నాడాయన.

"ఎంతకిస్తారు?"

ఆయన ధర చెప్పాడు. ఆమె పర్సు తెరిచింది.

"అదేంటమ్మా, అడిగినంతా ఇచ్చేస్తారా?" అన్నాడు, మనసు నొచ్చుకున్నట్టు. "తగ్గించమనండి."

"సరే, కొంచెం తగ్గించండి."

"కుదరదండీ. ఇది ఇత్తడి. పట్టుకు చూడండి, బరువు చూడండి. మూల కొట్లో రేకు..." అంటూ స్టూలు ఆమె వైపు జరిపాడు. నా వైపు తిరిగి టీ చెప్పమన్నాడు. ఆమె కూర్చుంది. ఇంకాస్త తగ్గించమంది. ఆయన వీల్లేదన్నాడు. అరగంట గడిచినా ఆయన ఆ బేరం తెగనివ్వలేదు.