పెద్దమ్మ తమ్ముడు

వయసొచ్చినా మనసు పసితనం దగ్గరే ఆగిపోయినవాళ్ళని పగలంతా చూసుకునే చిన్న సంస్థ మాది. రెండు గదులు, ఒక వరండా, ఒక పాత వ్యాను. అందులో నేను కుట్టుపని నేర్పుతాను. సంస్థని నడిపేది పెద్దమ్మ. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, అయినా అందరికీ పెద్దమ్మే. కొత్తగా ఎవరు గడప తొక్కినా ముందు వరస కలిపేది. నేను మెషిన్ ముందు కూర్చోకముందే పిన్నినైపోయాను. నాకంటే పదేళ్ళు పెద్దది, తనూ నన్ను పిన్నీ అనే పిలిచేది.

"వీళ్ళకి లోకమంతా పరాయిదే పిన్నీ. ఇక్కడైనా చుట్టూ అయినవాళ్ళుండాలి" అనేది.

అలాగని గుడ్డిగా నమ్మే మనిషి కాదు. పోలీసు సర్టిఫికెట్ తెచ్చేదాకా కాపలా మనిషిని లోపలికి రానివ్వలేదు. నేను అంతకుముందు పనిచేసిన చోటికి వెళ్ళి నా గురించి వాకబు చేసింది. నాకు ముక్కు మీద కోపం కదా, ఒళ్ళు మండింది. కానీ చెయ్యాల్సిన పనే. ఆమె వాకబు చెయ్యనిది ఒక్కడి గురించే, వ్యాను నడిపే తమ్ముడి గురించి. చంకనేసుకుని పెంచిన తమ్ముడు. ఇంట్లోవాడి గురించి ఎవరిని పోయి అడుగుతాం? వాడు మా అందరికీ మావయ్య. నవ్వించేవాడు, మెట్టెక్కలేనివాళ్ళని ఎత్తి కూర్చోబెట్టేవాడు.

చిట్టికి ఇరవై దాటాయి. తల్లి లేదు, తండ్రి ఫ్యాక్టరీలో పని. వాళ్ళ ఇల్లు అందరికంటే దూరం. మిగతావాళ్ళు దిగిపోయాక వ్యానులో ఉండేది చిట్టి ఒక్కతే. అందులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు.

ఉన్నట్టుండి చిట్టి సాయంత్రమయ్యేసరికి మొండికెయ్యడం మొదలుపెట్టింది. వరండా ఊచలు పట్టుకుని వదిలేది కాదు. బట్టలు తడుపుకునేది. "గారం ఎక్కువైంది దీనికి" అని పెద్దమ్మ ఒక్కొక్క వేలూ విడదీసి, బుజ్జగించి, నడిపించుకెళ్ళి వ్యానులో కూర్చోబెట్టేది. తనే తలుపు వేసేది. అలా చాలా సాయంత్రాలు గడిచాయి.

ఒకరోజు చిట్టి నా మెషిన్ కింద దూరి కూర్చుంది. పెద్దమ్మ వచ్చి ఎదురుగా నేల మీద కూలబడింది.

"ఏంటే నీ గోల? మావయ్య తిట్టాడా?"

చిట్టి తల అడ్డంగా ఊపింది.

"కొట్టాడా?"

చిట్టి లంగా అంచు కిందికి లాక్కుని మోకాళ్ళు దగ్గరగా ముడుచుకుంది. "ముట్టుకుంటాడు" అంది.

పెద్దమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. "మరి నాకెందుకు చెప్పలేదే?"

"పరాయివాళ్ళు ముట్టుకుంటే అరవమన్నావు. మావయ్య పరాయివాడు కాదుగా."

అది పెద్దమ్మ నేర్పిన పాఠమే. వారం వారం అందరి చేతా అప్పజెప్పించుకునేది. చిట్టి ఒక్క ముక్క పొల్లు పోకుండా నేర్చుకుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేము ఆ దొంగకి వరస కూడా కలిపి పిల్లని చేతికిచ్చాం. ఆ క్షణాన వాడి పీక నులిమెయ్యాలనిపించింది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది.

చిట్టిని నేను బస్సులో ఇంటికి తీసుకెళ్ళి తండ్రికి సంగతి చెప్పాను. మర్నాడు పొద్దున్నే సంస్థ అధ్యక్షుడు ఊడిపడ్డాడు. రిటైరైన వకీలు, మాట మెత్తన.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా? మీ తమ్ముణ్ణి గుట్టుచప్పుడు కాకుండా మాన్పించేద్దాం. ఆ పిల్ల మాట కోర్టులో నిలుస్తుందా? నలుగురి నోళ్ళలో పడితే ఇది మూతపడుతుంది. మిగతావాళ్ళంతా ఎక్కడికి పోతారు?"

ఆ చివరి మాట అబద్ధం కాదు. పెద్దమ్మ వరండా వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఆమె ఊ అంటుందేమోనని భయపడ్డాను.

"ఇక్కడ మాన్పిస్తే ఇంకోచోట చేరతాడండీ" అంది చివరికి. "అక్కడ ఇంకెవరికో మావయ్యవుతాడు."

పోలీస్ స్టేషన్‌కి చిట్టి తండ్రితో పాటు మేమిద్దరం వెళ్ళాం. "అతను మీకేమవుతాడు?" అని అడిగాడు రాసుకునే ఆయన. "తమ్ముడు" అంది పెద్దమ్మ. ఆయన ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ రాసుకున్నాడు.

ఆ సాయంత్రం పెద్దమ్మని కన్నతల్లి గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే. పెంచిన చేతులతోనే వాణ్ణి జైలుకి పంపావా?"

"ఆ చేతులతోనే చిట్టిని బండెక్కించానమ్మా" అంది పెద్దమ్మ. తల్లి మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు.

వకీలు భయపడ్డంతా జరిగింది. సాయం చేసేవాళ్ళు ఒక్కొక్కరే మొహం చాటేశారు. సగం ఇళ్ళవాళ్ళు పిల్లల్ని పంపడం మానేశారు. వాడు బెయిలు మీద బయటికొచ్చాడు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

పెద్దమ్మ పాత పాఠం తీసేసి కొత్తది పెట్టింది. ఎవరైనా సరే, ఒక్కళ్ళే మీతో గదిలో ఉంటే తలుపు తెరవాలి, ఇంకొకళ్ళని పిలవాలి. "ఎవరైనా అంటే?" అని తనే అడిగేది. "పెద్దమ్మైనా" అని మిగిలిన నలుగురైదుగురూ అనాలి. చిట్టి మాత్రం నోరు విప్పేది కాదు. ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు, జుట్టంతా ఉండలు కట్టింది.

ఒక మధ్యాహ్నం తనంతట తనే దువ్వెన పట్టుకొచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టింది. పెద్దమ్మ మొహం చూడాలి అప్పుడు. ఎన్నాళ్ళకో నవ్వింది. లోపలి గదిలో పీట వేసి రమ్మంది. చిట్టి లోపలికి అడుగు పెట్టగానే గాలికి తలుపు మూసుకుంది.

మరుక్షణం తలుపు బార్లా తెరుచుకుంది. చిట్టి గుమ్మంలో నిలబడి నన్ను కేకేసింది.

"పిన్నీ, నువ్వూ రా. పెద్దమ్మ ఒక్కతే ఉంది."

పెద్దమ్మ దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మంచి పని చేశావే తల్లీ" అంది.

నేను వెళ్ళి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను. అప్పుడు గానీ చిట్టి పీట మీద కూర్చోలేదు.