బియ్యం బుక్కితే వాన

మా ఆడపడుచు పచ్చి బియ్యం బుక్కేది. తల్లి లేని పిల్ల. మా ఆయనకు ఇనుప గనిలో ఉద్యోగం రాగానే భోపాల్‌పట్నం నుంచి చెల్లెల్ని కూడా బచేలీ క్వార్టర్‌కు తెచ్చుకున్నారు. నేను అటు తిరిగితే చాలు, వంటింట్లో డబ్బా మూత చప్పుడు, వెంటనే కరకర నమిలే చప్పుడు.

“ఏమే, నీ పెళ్ళికి వాన ముంచెత్తాలనా?” అనేదాన్ని.

“పడనీ వదినె, నీకేంది? ఈ ఎర్ర దుమ్మన్నా అణుగుతది,” అనేది, బుగ్గలో బియ్యం దాచుకుని.

నా నోరు మంచిది కాదు. ఆయన బట్టల ఎర్రమట్టి వదిలేదాకా ఉతికి, ఆ విసుగంతా దాని మీద చూపేదాన్ని. నెలసరిలో లేవలేక పడుకుంటే నటన అన్నాను. బిందెతో మెట్లెక్కి ఆయాసపడితే, తిన్నదంతా ఎటు పోతోందన్నాను. తినేది నేను పెట్టిందే కదా! ఆయనకు వడ్డించాక మిగిలిన కూర మా ఇద్దరికీ చెరిసగం. చివరికి బియ్యం డబ్బాను అటకెక్కించాను. నేను మాత్రం చేటలో చెరుగుతూ నాలుగు గింజలు నోట్లో వేసుకునేదాన్ని. అది రాళ్ళున్నాయేమో చూడటం.

దాని పెళ్ళికి నిజంగానే వాన పడింది, పందిరి కారింది. “చెప్పానా!” అని అందరికంటే ముందు నేనే నవ్వాను.

కాన్పుకు మళ్ళీ మా ఇంటికే వచ్చింది. నర్సమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రల్ని నా చేత్తోనే చిక్కటి టీతో మింగించాను. టీతో వేసుకుంటే అవి ఒంటికి సరిగ్గా పట్టవని తర్వాత తెలిసింది. బిడ్డ బాగానే పుట్టింది, తల్లికి మాత్రం రక్తస్రావం ఆగలేదు. ముందే ఒంట్లో రక్తం లేదు, వెంటనే ఎక్కించకపోతే దక్కదన్నారు డాక్టరమ్మ. “మట్టి, పచ్చి బియ్యం లాంటివి తినేదా?” అని అడిగారు. రక్తం తక్కువైన వాళ్ళకు అలా తినాలనిపిస్తుందట. అవునని తలూపాను. దేవుడా, ఇన్నేళ్ళూ నేను వెక్కిరించింది జబ్బునా!

మా ఆయన ఒక సీసా రక్తం ఇచ్చారు. ఇంకొకటి కావాలనగానే, నాది తీసుకోండని చేయి చాపాను. ఇచ్చేస్తే పాపం తీరుతుందనుకున్నాను. రక్తం తీసే అతను వేలు గుచ్చి, చుక్కను నీలం నీళ్ళలో వేశాడు. రక్తం సరిపడా ఉంటే మునగాలట. నాది తేలింది.

“బెహన్‌జీ, ఆప్‌మే భీ ఖూన్ కమ్ హై,” అన్నాడు. నాలోనూ రక్తం తక్కువేనట.

రెండో సీసా ఆయనతో పనిచేసే అతనెవరో ఇచ్చాడు. పొద్దున ఆడపడుచు కళ్ళు తెరిచాక మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. డబ్బా దాచాను, మాటలన్నాను, చివరికి రక్తం కూడా ఇవ్వలేకపోయానే అని ఏడ్చాను. అది నా వేలికున్న దూదిని చూసింది.

“అయితే నీ పెళ్ళికి గూడ వాన పడ్డదా, వదినె?”

పడింది. విస్తళ్ళు తడిసిపోయి రెండో బంతిని వసారాలోకి మార్చారు. దాని చేయి వదల్లేక అలాగే కూర్చున్నాను.