హుస్సేనప్ప సార్ లెన్సు

నిన్న ఉదయం ఆరూ పదికి ధర్మవరంలో మా వీధికి కరెంటు పోయింది. టార్చి కోసం సొరుగులో చెయ్యి పెట్టి తడుముతుంటే వేళ్లకు చల్లటి లోహం తగిలింది. చూడకుండానే అదేమిటో తెలిసింది. ఫిల్ము కాలం నాటి లెన్సు. దాని చుట్టూ ఉండే ఉంగరాన్ని తిప్పబోతే కదల్లేదు. చలికాలంలో లోపలి పాత గ్రీజు గట్టిపడుతుంది. అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటే మెత్తబడి మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. కరెంటు వచ్చేదాకా దాన్ని అట్లాగే పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. అది హుస్సేనప్ప సార్‌ది. ఆయన పోయి ఏడాది దాటింది.

పోయినవాళ్ల గురించి రాసినవి నేను చాలానే చదివాను. వాటిలో అందరూ చల్లని మనసున్నవాళ్లే. సార్ అట్లాంటి మనిషి కాదు. మీసానికి రంగు వేసేవారు. కోపం ముక్కు మీదే ఉండేది. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చి నవ్వినవాళ్లను కసిరేవారు. హిందూపురంలో స్టూడియో, పెనుకొండలో ఇల్లు. ఉదయం పాసింజరు రైల్లో వచ్చి సాయంత్రం పాసింజరులో తిరిగిపోయేవారు. బీకాం అయ్యాక కంప్యూటర్ పనికి నేను ఆయన దగ్గర చేరాను. మొదటి రోజు జీతం మాట కూడా రాకముందే ఆయన అడిగింది ఇది:

"ఫోటోలో మొదట యాడ చూస్తావు పాపా?"

"ముఖం సార్."

"ముఖం పెద్దది. ముఖంలో యాడ?"

"కండ్లు."

"కండ్లు కాదు, కన్ను. రెండూ ఒకేసారి అందవు. ఏది దగ్గరుంటే అది. పో, కంప్యూటర్ తుడిచి కూచో."

నేను చేరేనాటికే ఆయన ఫిల్ము కెమెరా బాగుచేసేవాళ్లు లేక మూలపడింది. లెన్సు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని వదలలేక, బెంగళూరు నుంచి వాడిన డిజిటల్ కెమెరా ఒకటి తెప్పించారు, లెన్సు లేకుండా. పాత లెన్సుకూ కొత్త కెమెరాకూ మధ్య అడాప్టర్ అనే అల్యూమినియం చుట్టు ఒకటి బిగిస్తే రెండూ అతుక్కుంటాయి. అతుక్కుంటాయి గానీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. మొదటిసారి బిగించి బటన్ నొక్కితే ఫోటో పడలేదు. లెన్సు లేదని తెర మీద అక్షరాలు వచ్చాయి.

"లేదంట!" అన్నారు సార్, ఎవరో తిట్టినట్టు. "ఇన్నేండ్లు నాకు కూడు పెట్టింది ఇది. దీనికి లేదంట."

నేను సెట్టింగుల్లో వెతికి మార్చి ఇచ్చాను. ఈసారి ఫోటో పడింది.

"ఏం చేసినావు?"

"లెన్సు లేకున్నా ఫోటో తియ్యమని చెప్పినా సార్."

"లేకున్నా ఏంది? ఉండాది. దానికి కనపల్యా, అంతే."

ఆ లెన్సుకు తనంతట తాను ఫోకస్ పట్టుకోవడం రాదు. ఎడమచేత్తో ఉంగరం తిప్పుతూ, ఎక్కడ స్పష్టమైందో కంటితో చూసుకోవాలి. ఫోకస్ అందిన అంచులకు ఎర్ర రంగు పూసి చూపే వసతి కెమెరాలో ఉంది. ఆయన అది ఒక్కరోజు చూసి తీసేయించారు. "పెండ్లికూతురి మొగాన ఎవరో కుంకుమ చల్లినట్ల ఉండాది," అన్నారు.

ఒకసారి పెనుకొండలో పెళ్లి కుదిరిన జంటకు ఫోటోలు తీశాం. కోట గోడ దగ్గర వాళ్లిద్దరూ, వెనక కొండ. దూరపు ఫోటోలకు ఉంగరాన్ని కొస దాకా తిప్పడం ఫిల్ము రోజుల అలవాటు. మా అడాప్టర్ వెంట్రుకవాసి పలుచన కావడంతో కొస దాకా తిప్పితే ఫోకస్ కొండను కూడా దాటిపోతుంది. కొస నుంచి కొంచెం వెనక్కి తేవాలని నాకు నేర్పింది ఆయనే. ఆ రోజు మాత్రం కొసనే వదిలేశారు. మరుసటి రోజు స్టూడియోలో కంప్యూటర్ మీద పెట్టి చూస్తే దూరం నుంచి తీసినవన్నీ అలికినట్టున్నాయి.

"కొంచెం మెత్తగా వచ్చినాయి సార్. ఇప్పుడు ఇట్లాంటివి కూడా ఫ్యాషనే. షార్ప్ చేసి ఇచ్చేద్దాం," అన్నాను.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు తెరకు ముఖం ఆనించి చూశారు.

"మెత్తగా ఉండాది అనొద్దు పాపా. తప్పింది. తప్పిందను. మెత్తగా ఉండాదంటే రేపు కూడా తప్పుతావు."

నా ఎదుటే పెళ్లికొడుకుకు ఫోను చేశారు. స్పీకర్లో అతని గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. "ఏం సార్, అంత కెమెరా పెట్టుకోని! మా తమ్ముని ఫోనే నయం కదా." తిడతారేమో అనుకున్నాను. "మీ తమ్ముని ఫోను తప్పలేదప్పా, నేను తప్పినా. ఆదివారం రాండి, మళ్లా తీస్తా," అన్నారు. ఆ ఆదివారం మళ్లీ తీశాం. ప్రతి ఫోటోకూ నన్ను పక్కన నిలబెట్టుకున్నారు.

అప్పుడు నాకు అర్థం కానిది ధర్మవరంలో అర్థమైంది. అక్కడ ఒక పట్టుచీరల వ్యాపారికి మేం చీరల ఫోటోలు తీసేవాళ్లం. సార్ ఉంగరం తిప్పుతూ, "ఫోకస్ యాడుండాది చెప్పు, జరీ మీదా, పట్టు మీదా?" అని అడిగేవారు. పని నేర్పడానికి పరీక్ష పెడుతున్నారనుకుని తెర చూసి జవాబు చెప్పేదాన్ని. కొన్ని నెలలు అట్లాగే గడిచాయి. ఒకరోజు నేను తిరిగి అడిగాను. "మీకెక్కడ కనిపిస్తాంది సార్?" ఆయన ఉంగరం మీద నుంచి చెయ్యి తీసేశారు. పరీక్ష కాదని అప్పుడు తెలిసింది. తిరుగు రైల్లో, పెనుకొండ ఇంకా రాకముందు, కిటికీ వైపు చూస్తూ చెప్పారు.

"షుగరు. కుడి కంటిలో నరం పోయిందంట. ఎడమది ఇంగా కొంచెం ఉండాది. ఇంట్లో చెప్పొద్దు పాపా. మస్తానమ్మకు దాని కిడ్నీల బాధే చాలు."

"తనంతట తనే పట్టుకునే లెన్సు కొందాం సార్. అందరూ అవే వాడతాండారు."

"కొనొచ్చు. మరి నేనేం పని చెయ్యాల?"

చీరల పని కూడా కొద్ది రోజులకే పోయింది. "మీరు ఒక చీర తీసేలోపల మా పిల్లోడు ఫోన్లో బీరువా అంతా తీసేస్తాడు సార్," అన్నాడు వ్యాపారి, నవ్వుతూనే. అతను చెప్పింది నిజమే.

మస్తానమ్మ అక్క సార్ భార్య. వాళ్లకు పిల్లల్లేరు. నేను పెనుకొండ పోయినప్పుడల్లా రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టేది. చేతికి డయాలసిస్ సూదుల మచ్చలుండేవి. వాటి మీదికి చీర కొంగు లాక్కునేది. ఊరందరి ఫోటోలు తీసిన మనిషి ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీదున్నదే ఉన్నది. అడిగితే, "పొద్దంతా ఊరోళ్ల మొగాలు చూసి వస్తాడు. ఇంట్లోనూ అదే పనా?" అనేది. సార్ ఒకటి రెండుసార్లు అడిగి మానేశారట. ఆ శీతాకాలం ఆమెకు ఆయాసం ఎక్కువైంది. ఒకరోజు స్టూడియో మూస్తూ సార్ నాతో అన్నారు: "దాని ఫోటో ఒకటి తియ్యాల పాపా. నా కన్ను ఉండంగానే, అది ఉండంగానే. రెండిట్లో ఏది ముందు పోతాదో తెలీదు."

ఆమె ఎట్లా ఒప్పుకుందో నాకు తెలియదు. నన్ను రమ్మని ఆదివారం ఫోను చేసింది మాత్రం ఆమే. మధ్యాహ్నం నేను పోయేసరికి తలస్నానం చేసి, ఆకుపచ్చ చీర కట్టుకుని, వాకిలి పక్కన వెలుతురులో కుర్చీ వేసుకుని కూర్చుంది. సార్ అప్పటికే ట్రైపాడ్ మీద కెమెరా బిగించి ఉన్నారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

"నువ్వు ఆడ నిలబడు. ఇది నేనే తీస్తా."

చాలాసేపు తిప్పారు. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. ఆమె విసుక్కుంది. "ఏమయ్యా, తొందరగా కానీ. నేను పొయ్యేలోపల తీస్తావా లేదా?"

"నోరు మూసుకోని కదలకుండా కూచోమే."

నొక్కారు. మళ్లీ నొక్కారు. ఇంకొన్ని తీశాక నాకు సైగ చేశారు. ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాను. తలెత్తితే ఇద్దరూ నన్నే చూస్తున్నారు. బాగున్నాయని ఒక్క మాట అంటే ఆ ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఆయనకు కనిపించదు. ఆమెకు కళ్లజోడు లేనిదే చెయ్యి కూడా ఆనదు.

"చెప్పు," అన్నారు సార్.

"తప్పింది సార్."

"అన్నీనా?"

"అన్నీ."

"యాడ పడింది?"

"చెవి కమ్మ మీద."

ఆయన కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపారు. కుర్చీ అక్కడ లేదు. తలుపు పట్టుకుని నిలబడ్డారు. మస్తానమ్మ అక్క మాత్రం నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. అయినా నవ్వు ఆపలేదు.

"కమ్మలన్నా బాగొచ్చినాయా పాపా? మా నాయన పెట్టినవి. పెండ్లినాటి నుంచి చూస్తాండా, ఈయప్ప చూపు వాటి మీదే." తర్వాత ఆయన వైపు తిరిగింది. "నీ కన్ను సంగతి నాకు తెలుసులే. నాలుగు నెలల నుంచి సాంబార్లో ఏలు పెట్టి గిన్నె వెతుక్కుంటాండావు. ఎవురికి దాస్తావు?"

"నీకెవురు చెప్పినారు? ఈ పాపేనా?"

"ఎవురూ చెప్పల్యా. మొగుని కన్ను పోతే పెండ్లానికి ఒగరు చెప్పాల్నా? పాపను తిప్పనీ. నువ్వు నొక్కు."

"అది ఇద్దరు చేసే పని కాదు."

"కన్ను పాపది, ఏలు నీది. నొక్కేదానికి ఏలు చాలు కదా. ఇంగ నేను ఎక్కువసేపు కూచోలేనప్పా."

నేను ఉంగరం మీద చెయ్యి పెట్టాను. ఆయన చేతి వేడికి అది సులువుగా తిరిగింది. తెర మీద ఆమె దగ్గరి కన్నును పెద్దది చేసుకున్నాను. రెప్పలు స్పష్టంగా వచ్చాయి, వెంటనే పోయాయి, మళ్లీ వచ్చాయి. ఆయాసానికి ఆమె ఒళ్లంతా ముందుకూ వెనక్కీ ఊగుతోంది. అంత వెడల్పుగా తెరిచిన లెన్సులో ఫోకస్ అందేది వేలెడు మందం కూడా ఉండదు, దానికి ఆ కదలిక చాలా ఎక్కువ. ఊపిరి పట్టమనడానికి లేదు. ఆమె పట్టలేదు. నేను "ఇప్పుడు" అనేసరికి ఆయన నొక్కేవారు. ఆ రెంటి మధ్యలో కన్ను దాటిపోయేది. మూడుసార్లు అట్లాగే అయింది.

"నువ్వు చెప్పొద్దు పాపా," అన్నారు సార్. "అది ఊపిరి వదిలినాక ఒక చోట ఆగుతాది. ఆ ఆగిన కాడ కన్ను పెట్టుకో. పెట్టుకోని ఇంగ కదిలించొద్దు. మిగతాది నేను చూసుకుంటా."

నేను ఆ చోట పెట్టి చెయ్యి తీశాను. ఆయన కెమెరా వైపు చూడలేదు. కళ్లు మూసుకుని, తల కొంచెం వంచి వింటున్నారు. ఆ గదిలో ఆమె ఊపిరి తప్ప ఇంకే చప్పుడూ లేదు. అది లోపలికి పోయింది, బయటికి వచ్చింది. మళ్లీ పోయింది, వచ్చింది, ఆగింది. ఆయన నొక్కారు.

తెర మీద పెద్దది చేసి చూశాను. రెప్పలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. కంటిలో వాకిలి వెలుతురు ఉంది. ఆ వెలుతురులో తల వంచుకున్న మనిషి నీడ ఉంది.

"పడింది సార్," అన్నాను.

"సరిగ్గా చూడు."

"చూసినా సార్. కన్ను మీదే."

ఆయన ట్రైపాడ్ మీంచి కెమెరా విప్పేశారు. నేను తప్పిందని చెప్పి ఉన్నాను కాబట్టే పడిందంటే నమ్మారని ఇంటికి పోయే బస్సులో అనిపించింది. ఎండలు ముదరకముందే మస్తానమ్మ అక్క పోయింది. ఆ తర్వాత సార్ స్టూడియో మూసేశారు. కెమెరా అమ్మేశారు. లెన్సు నా చేతిలో పెట్టి, "నా దగ్గరుంటే ఊరికే తిప్పుకుంటా కూచుంటా. తీసుకుపో," అన్నారు. నేను ధర్మవరం వచ్చి సొంతంగా షాపు పెట్టుకున్నాను. సార్ అప్పుడప్పుడు ఫోను చేసేవారు. పని గురించి అడిగేవారు, ఆమె మాట ఎత్తేవారు కాదు. ఒక ఉదయం ఆ ఫోను నుంచి వాళ్ల అన్న కొడుకు మాట్లాడాడు.

ఇప్పుడు నా దగ్గరున్న కెమెరా కన్నును తనే వెతుక్కుంటుంది. పిల్లలు పరిగెత్తినా, ముసలివాళ్ల తల వణికినా వదలదు. ఒక్క నొక్కుకు ఇరవై ఫోటోలు తీసి పెడుతుంది. అయినా మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు నేను ఆ మనిషి ఊపిరి వింటాను. అది బయటికి వచ్చి ఆగేదాకా నా వేలు దిగదు. దానివల్ల ఫోటో మెరుగుపడుతుందని చెప్పలేను. పని మాత్రం ఆలస్యమవుతుంది. ఎందుకు ఆలస్యమని ఎవరైనా అడిగితే చెప్పే ఓపిక నాకు లేదు.

ఫోటోకు కూర్చున్న మనిషిని సార్ లాగా కదలొద్దని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు, కదిలినా కెమెరా పట్టుకుంటుంది; ఆగేది నేనే.