సగమే లేచిన తెల్లగుడ్డ

మా ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. నేను చిన్నప్పుడే కూచిపూడి నేర్చుకుని, అమలాపురంలో పిల్లలకు నేర్పుతుండేదాన్ని. పెళ్లయిన చాలా ఏళ్లకి మా ఇద్దరికీ ఒకే పిచ్చి పట్టింది. కిరీటాలూ పురాణపాత్రలూ లేకుండా, మన చుట్టూ ఉన్న బతుకునే నాట్యంగా చెయ్యాలని. అడుగులు నేను కూర్చేదాన్ని. స్టేజీ మీద కంటికి ఏం కనబడాలో ఆయన చూసుకునేవారు. రెండు వెదురు నిచ్చెనలు తెచ్చి, పడుకోబెడితే పడవ, నిలబెడితే కొబ్బరిచెట్టు అయ్యేలా కట్టారు. వెడల్పాటి రేకు పళ్లెంలో నీళ్లు పోసి, దాని మీద లైటు వేసి, వెనక తెర నిండా అలలు ఆడించారు. ఆ అలల్లో మావాళ్ల నీడలు ఈదుతుంటే, ముందు వరసలో వాళ్లు లేచి నిలబడి, నీళ్లెక్కడున్నాయో అని వెతికేవారు.

బృందమంటే పెద్దదేం కాదు. నా దగ్గర నేర్చుకుని, పెళ్లిళ్లయ్యాక కూడా మానకుండా వచ్చే ఆడవాళ్లు ముగ్గురు. తాటిపాకలో గ్యాస్ ప్లాంటులో కాంట్రాక్టు పనిచేసే పొడుగాటి మనిషి ఒకాయన. ఒకప్పుడు తీర్థాల్లో, జాతరల్లో రికార్డింగ్ డాన్సులాడి, ఇప్పుడు ముమ్మిడివరంలో ఆటో నడుపుకుంటున్న ఇంకొకాయన. ఊరి చివర ఎండు కురిడీ కొబ్బరి నిలవచేసే పాత గోడౌను మా రిహార్సల్ హాలు. ఎంత ఊడ్చినా ఆ నూనె వాసన పోయేది కాదు. ఇంటికెళ్లి తల దువ్వుకుంటుంటే జుట్టులోంచి వచ్చేది.

మేం చేసినవాటిలో పెద్దది వరద మీద చేసింది. స్టేజీ అంతా పరిచిన ఒక తెల్లగుడ్డ, దాని కింద మనుషులు. ముప్పావు గంట పాటు ఆ గుడ్డే నది, ఆ గుడ్డే ఇసుక, ఆ గుడ్డే మంచం మీద దుప్పటి. చివర్లో, ఎవరూ ముట్టుకోకుండా, ఆ గుడ్డ నేలమీంచి మెల్లగా లేచి నిలువెత్తు గోడలా నిలబడుతుంది. వెనక దీపం వెలుగుతుంది. నెత్తిన బిందెతో పీకల్లోతు నీళ్లలో నడిచిపోతున్న ఆడమనిషి నీడ ఆ గోడ మీద కనబడుతుంది. ఆమె దాటిపోగానే గోడ ఒక్కసారిగా కూలిపోతుంది. అమలాపురంలో మొదటిసారి ఆడినప్పుడు, గుడ్డ కూలాక హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాలాసేపటికి ఒక ముసలావిడ ఏడుపు వినబడింది.

ఆ గుడ్డని లేపేది మా ఆయనే. పక్క తెర వెనక నిలబడి, పైన రింగుల్లోంచి వచ్చే సన్నటి నైలాను దారాలని రెండు చేతులతో ఆడించేవారు. ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి అన్నది ఆయన చేతులకే తెలుసు. మాకెవరికీ నేర్పలేదు. నేర్పాలని ఆయనకీ తోచలేదు, నేర్చుకోవాలని మాకూ తోచలేదు.

కాకినాడలో ఒక నాట్యోత్సవానికి మమ్మల్ని పిలిచారు. దానికోసం సాధన చేస్తున్న రోజుల్లో ఒక ఉదయం, రింగులు సరిచేస్తున్న ఆయన నిచ్చెన దిగి, నా వైపు చూసి ఏదో అన్నారు. మాటలు కావవి. తడిసిన కాగితం చింపినట్టుగా ఉంది. అలాగే గోడకి జారిపోయారు. ఆటో ఆయన మా ఆయన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని పరిగెత్తాడు.

రాజమండ్రి ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. "మీరు చెప్పేది ఆయనకి అర్థమౌతుందమ్మా, ఆయన చెప్పాలనుకున్నదే నోటికి రాదు" అన్నారు డాక్టరుగారు. నోటికి వచ్చేది ఒకే ఒక మాట మిగిలింది. ఆయ్. ఔననడానికి మా గోదావరివైపు పొద్దున లేచింది మొదలు ఎన్నిసార్లంటామో లెక్కలేని ఆ మాటే. ఆకలేస్తోందా అంటే ఆయ్. వెయ్యట్లేదా అంటే ఆయ్. కోపం వచ్చినా ఆయ్, నొప్పెట్టినా ఆయ్.

ప్రదర్శన మానుకోవచ్చు. అందరూ అదే చెప్పారు. నాకే చేతకాలేదు. ఆ గుడ్డ మళ్లీ లేవకపోతే ఆయన కూడా లేవరన్న భయం ఒకటి నాలో దూరి కూర్చుంది. దానికి అర్థం లేదని నాకూ తెలుసు. తెలిసినా, అన్నం కలుపుతున్నప్పుడూ ఆయన ఒళ్లు తుడుస్తున్నప్పుడూ అదే ఆలోచన. ఫ్యాన్లు పెట్టి చూశాం. వెదురు గడలు పెట్టి చూశాం. గుడ్డ ఒకవైపు లేస్తే రెండోవైపు చచ్చినట్టు పడి ఉండేది.

చివరికి ఒక మధ్యాహ్నం ఆయన్నే చక్రాల కుర్చీలో గోడౌనుకి తీసుకెళ్లాం. దారాలన్నీ ఆయన ముందు పెట్టాను.

"ముందు ఇది లాగాలాండీ?"

"ఆయ్."

"కాకపోతే ఇదా?"

"ఆయ్."

"ఏమండీ, నన్ను చంపకండి. కాదనుకుంటే తల అడ్డంగా ఊపండి చాలు."

తల నిలువుగా ఊపారు, అడ్డంగా ఊపారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తరవాత ఎడమచేత్తో తనే ఒక దారం అందుకుని లాగారు. గుడ్డ ఒక మూల లేచింది. అది లేచిన తీరు చూడగానే మాకందరికీ తెలిసిపోయింది, అదే సరైనదని. కానీ రెండో చెయ్యి కావాలి. ఆయన ఒళ్లో పడున్న కుడిచేతిని కాసేపు చూసుకున్నారు. ఎడమచేత్తో ఇంకో దారం తీసి, ఆ చచ్చుపడిన వేళ్ల చుట్టూ చుట్టారు. చుట్టి, ఒళ్లంతా బరువేసి వెనక్కి వాలారు. కుర్చీ తిరగబడింది.

పెద్ద దెబ్బలేం తగల్లేదు. దారం మాత్రం వేళ్లని కోసింది. రక్తం కారుతున్నా ఆయనకి తెలియలేదు. ఆటో ఆయన లేపి కూర్చోబెట్టి, తన తువ్వాలుతో ఆ చేతికి కట్టు కట్టాడు.

"ఇంక వద్దండి మేడంగారూ. మాస్టారినిలా చూడలేమండి."

"మీరు చూడక్కర్లేదు. ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోండి."

"వెళ్లిపోడానికి కాదండి నేనన్నది," అని ఆగాడు. "మాస్టారు మీకోసం చేస్తన్నారండి. ఆయనక్కావాలని కాదండి."

నేను వంగి కిందపడ్డ దారాలు ఏరుకున్నాను. ఎవరూ వెళ్లిపోలేదు.

ఆయన్ని పక్కింటివాళ్లకి అప్పగించి వెళ్లి, కాకినాడలో పక్క తెర వెనక నేనే నిలబడ్డాను. ఆయన లాగిన దారం గుర్తుపెట్టుకున్నాను, మిగతావి ఊహించుకున్నాను. గుడ్డ లేచింది. నడుం ఎత్తుకి లేచి ఎక్కడో చిక్కుకుంది. ఎంత లాగినా కదల్లేదు. దండెం మీద ఆరేసిన పంచెలా వేలాడింది. బిందె నెత్తిన పెట్టుకున్నావిడ ఆగకూడదు కదా, నడిచింది. నీడగా కాళ్లు మాత్రం కనబడ్డాయి. పైన మామూలు మనిషి, మామూలు ఇత్తడి బిందె. నేను దారాలన్నీ వదిలేశాను.

హాలంతా చప్పట్లు. తరవాత నిర్వాహకులలో ఒకాయన వెనక్కి వచ్చి, నా చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

"ఆ గుడ్డని సగంలో ఆపేరు చూడండీ, అక్కడ మా నోట మాట లేదండి. ఎలా వచ్చిందండి అసలా ఆలోచన?"

"అలా వచ్చిందండి," అన్నాను.

మర్నాడు ఇంటికి వచ్చి ఆయన మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. లేవలేదండీ, సగంలో చిక్కుకుపోయింది, దండెం మీద పంచెలా ఉంది, జనం అదే బావుందన్నారు అని. ఆయన విన్నారు. వింటూ వింటూ నవ్వారు. మూతి ఒకపక్కే కదిలింది కానీ, భుజాలు కదిలేలా నవ్వారు. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. నేనూ నవ్వాను, ఏడ్చాను. ఆ వారం చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారితో సంబరంగా చెప్పాను. ఆయన నెమ్మదిగా, "ఇలాంటి కేసుల్లో నవ్వు గానీ ఏడుపు గానీ కారణం లేకుండా కూడా వస్తాయమ్మా, మరీ పట్టించుకోకండి" అన్నారు.

దాంతో ఆ నవ్వు కూడా నాది కాకుండా పోయింది.

తాటిపాక ఆయన గల్ఫుకి వెళ్లిపోయాడు. ఆడవాళ్లలో ఒకావిడ ఫోను చేస్తే తియ్యదు, తప్పుపట్టను. గోడౌను ఖాళీచేసి తాళం ఇచ్చేశాం. మళ్లీ కురిడీలు పోశారని విన్నాను.

కిందటి నెల విశాఖపట్నం నుంచి ఎవరో ఫోను చేశారు. కాకినాడలో చూసినవాళ్లెవరో చెప్పారట. "వరద ప్రోగ్రాం మాక్కావాలండి. ఆ సగం గుడ్డ మాత్రం అలాగే ఉంచండి," అన్నారు. నేను ఆయనకి గంజి తాగిస్తున్నాను. స్పూను ఆయన పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఇంకా చెప్పలేదు.