హన్మండ్లు కొట్టిన కొబ్బరికాయ

బోధన్ల కంప్యూటర్ బాగుజేసేటోళ్లు మస్తుమంది. కానీ కంప్యూటరుకు పని నేర్పేటోడు ఒక్కడే, భానుప్రసాద్. నిజామాబాద్‌కు పోయి విజువల్ బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నడు. తోటోళ్లంత హైదరాబాద్ ఉరికినా ఈయన కదలలే, ఇంట్ల ముంగటర్రల టేబులేసుకొని కూసున్నడు. గాయన రాసిన ప్రోగ్రాం పేరు ‘కాంటా’.

వడ్ల ట్రాక్టరు మిల్లు గేటుకాడ కాంటా ఎక్కంగనే బరువు అక్కడి కంప్యూటర్ల పడ్తది. అదే బరువు వైరెంబడి లోపటి ఆఫీసుల కంప్యూటరుకు పోతది. నడుమ ఎవ్వడూ చెయ్యి పెట్టరాదు. రైతు కండ్లముంగటనే అంత అయిపోతది. ఎన్ని మిల్లులల్ల నడిచిందో గా ప్రోగ్రాం!

బరువును ఒకదాని నుంచి ఇంకోదానికి మోసే పని మొదటికెళ్లి రాసుడంటే తలప్రాణం తోకకొస్తది. అందుకే ప్రోగ్రాములు రాసేటోళ్లు తయారుగున్న ముక్క కొనుక్కొచ్చి అతికిస్తరు. కాంపొనెంట్ అంటరు దాన్ని. బయటిదేశపు చిన్న కంపెనీ కాడ భానుప్రసాద్ ఒకటి కొన్నడు. మంచిదే, కానీ ఒక్క మెలిక ఉన్నది. దాని లైసెన్సు ఏ కంప్యూటర్ల ఎక్కిస్తే దానికే కట్టుబడి ఉంటది. ప్రోగ్రాంల ఏం మార్చినా, మళ్ల తయారు జెయ్యాలంటే గదే కంప్యూటర్ కావాలె. ఆ కంపెనీ ఎన్నడో మూతపడ్డది. రాసిన కోడుకు నకళ్లు ఎన్నైనా తీస్తవు, లైసెన్సుకు ఏడికెళ్లి తెస్తవు? అందుకే ఆ పాత డబ్బాను పసిపిల్ల తీరుగ సాకిండు. వేడికి ఆగుతలేదని అడ్డం పండవెట్టి, మీది రేకు ఊడదీసి, ఫ్యాను గాలి మర్లవెట్టిండు.

రానురాను మిల్లులు ఒక్కొక్కటే ఇంటర్నెట్ యాపులకు మళ్లినయి. మిగిలింది వీరరాఘవయ్య మిల్లొక్కటే. వాళ్లది తాతల నాడు గుంటూరు దిక్కు నుంచి కాలువ కింది భూములు కొనేటందుకు వచ్చిన కుటుంబం. దసరా ముంగట ఆ మిల్లు ఆఫీసుల కొత్త కంప్యూటర్ పెట్టిండ్రు. గేటుకాడ పడ్డ బరువు ఆఫీసుకు వచ్చుడు బందైంది.

“చూడు భానుప్రసాదూ, నీ మీద నాకు నమ్మకం లేక కాదు,” అన్నడు వీరరాఘవయ్య. “పండగ దాటితే వడ్లు వచ్చేస్తాయి. అప్పటికి సరిచెయ్యకపోతే మా అబ్బాయి సతీష్‌బాబు హైదరాబాద్ వాళ్లని పిలుస్తానంటున్నాడు. ఇంక నేను ఆపలేనయ్యా.”

ఆ మిల్లు గూడ పోతే కాంటా పోయినట్టే. కాంటా పోతే భానుప్రసాద్ ఎవరు? ఆ సోయి రాంగనే రాత్రింబగళ్లు కంప్యూటర్ ముంగటనే కూసున్నడు.

దసరా పొద్దుగాల తప్పు దొరికింది. కొత్త కంప్యూటర్ కొత్త తీరు చిరునామా చెప్తున్నది, పాత ముక్కకు అది అర్థమైతలేదు. పాత తీరుదే అడిగేటట్టు రెండు లైన్లు మార్చిండు. ఇగ తయారు జేసుడే తరువాయి. అప్పుడే పెండ్లాం శ్రీవాణి ఒర్రింది: “ముందుగాల తానం జెయ్యిండ్రి! పూజ గాకముందు పనిముట్టు ముట్టొద్దు.” నిజమే, దసరా నాడు పూజ అయినంకనే పని. ఇన్నొద్దులు ఆగింది ఇంకింత సేపు ఆగదా అనుకొని, నిద్రలేని కండ్లు నలుపుకుంట, ఆ పాత డబ్బా అట్లనే నడుస్తుండంగ తానానికి పోయిండు.

ఆయన బాపు హన్మండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీల గానుగ మీద పనిజేసిండు. దసరా నాడు గానుగకు బొట్టువెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ఇనుము మీద పోస్తుండె. “ఇనుము సల్లవడాలె, ఏడాదంత మనల్ని సల్లగ సూడాలె” అంటుండె. ఫ్యాక్టరీ బందైనంక గూడ శానా దినాలు ఖాకీ బట్టలేసుకొని గేటు కాడికి పోయొచ్చిండు. భానుప్రసాద్ తల్లి నాగవ్వ, బతికున్నప్పుడు, ఏమనకుండ టిపను గట్టిచ్చేది.

ఆ పొద్దు ముసలాయన ముంగటర్రలకొచ్చిండు. కడుపు తెరుసుకొని నడుస్తున్న మిషిని కనబడ్డది. ఇన్నేండ్లకు మళ్ల ఒక మిషిని! కొడుకు దీనికోసం నిద్రలేకుండ తిప్పలవడుతుండని ఎరుకే. పసుపు కుంకుమ పెట్టిండు, బంతిపువ్వు పెట్టిండు, కాయ గొట్టిండు. గానుగకు పోసినట్టే నిండు మనసుతోని నీళ్లు పోసిండు.

టప్పుమన్నది.

భానుప్రసాద్ తడి తువ్వాలతోనే ఉరికొచ్చిండు. కాలిన వాసన. రెండు చేతులల్ల రెండు చిప్పలతోని బాపు నిలబడ్డడు.

“ఏమో సప్పుడైంది బిడ్డా. ఏమన్న అయ్యిందా?”

నోటిదాంక వచ్చింది, బండబూతే వచ్చింది. బాపు మొఖం జూసి మింగిండు.

“ఏం గాలే బాపు. కరెంటు పోయింది.”

నిజామాబాద్‌కు తీస్కపోతే, బోర్డు కాలింది, డిస్కు బతికున్నది అన్నరు. డిస్కు ఇంకోదాంట్ల పెడితే ఆ లైసెన్సు ముక్క నువ్వెవరన్నది. మొదటికెళ్లి మళ్ల రాద్దామని కూసున్నడు గానీ, సగం గాకముందే వడ్ల ట్రాక్టర్లు మిల్లు ముంగట బారుదీరినయి. పోయి చూస్తే హైదరాబాద్ పిలగాండ్లు గేటుకాడ కొత్తది పెడుతున్నరు. వీరరాఘవయ్య భుజం మీద చెయ్యేసి, “టీ తాగి వెళ్లవయ్యా,” అన్నడు. భానుప్రసాద్ తాగిండు.

సచ్చిన డబ్బాను తెచ్చి ఉన్నకాడనే పెట్టిండు. తెల్లారి తానం జేసి దానిముంగట కూసున్నడు, నల్లగున్న తెరకు అడ్డంగ. టకటక కీబోర్డు కొడ్తుండు. బాపుకు తెల్వొద్దు, గంతే. దినాం గదే తంతు. శ్రీవాణి చాయ్ తెచ్చి పెడ్తది, ఏమనదు.

దీపావళి దాటినంక ఒకనాడు హన్మండ్లు వచ్చి పక్కన నిలబడ్డడు. గానుగ వేడి చూసిన అలవాటు చొప్పున అరచెయ్యి డబ్బా మీద పెట్టిండు. శానాసేపు తియ్యలే.

“సల్లగున్నది బిడ్డా.”

కొడుకు వేళ్లు ఆగినయి.

“నేనేనా దీన్ని సంపింది?”

కాదనాలె. గానీ భానుప్రసాద్ కీబోర్డు మీది నుంచి చేతులు తీసి తల వంచుకున్నడు.

“మీ అవ్వ గూడ ఫ్యాక్టరీ బందని ఎరుకుండే టిపను గట్టింది,” అన్నడు ముసలాయన. “గిది మంచిది గాదు. ఇగ లే బిడ్డా, లే.”

భానుప్రసాద్ తలెత్తి చూసిండు. కండ్లల్ల నీళ్లు ఆగలే.

“లేసి ఏడికి పోవాలె, బాపు?”

హన్మండ్లు స్టూలు గుంజుకొని కొడుకు పక్కకే కూసున్నడు.