ఐసుపెట్టెను తలకిందులు చేసిన బాబాయి

పక్కింటి బాబాయి పోయారన్న కబురు మొన్న శుక్రవారం పొద్దున, నేను పెరట్లో మిరపకాయలు ఆరబోస్తూ ఉండగా తెలిసింది. ఆయన కూతురు గోడ అవతల నిలబడి "అక్కా, నాన్న పోయాడే" అంది. చేట అక్కడే పడేసి పరుగెత్తాను. ఆ పరుగు ఇంకా ఆగినట్టు లేదు. నాలుగు రోజులుగా ఒక చోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్ళానో గుర్తుండదు. ఆయన గురించి రాస్తేనైనా కాలు నిలుస్తుందేమోనని కూర్చున్నాను.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. సాయిబులు. మా అత్తగారిని "అక్కా" అని పిలిచేవారు కనుక మా ఆయనకు మామయ్య, ఆ వరసన నాకు బాబాయి. ఒంగోలు బజార్లో స్టవ్వులూ పెట్రోమాక్సు లైట్లూ బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. ఎప్పుడు చూసినా గోళ్ళ సందుల్లో మసి. పండక్కి తెల్లచొక్కా తొడుక్కున్నా ఆ మసి మాత్రం పోయేది కాదు.

మా ఆయన బడిపంతులు. ఇరవై రెండేళ్ళకే చక్కెరజబ్బు వచ్చింది. రోజూ ఇన్సులిన్ సూది పడకపోతే మనిషి దక్కడు. ఆ మందు గుంటూరు నుంచి రెండు నెలలకు సరిపడా ఒకేసారి తెచ్చుకుని, తడి ఇసుక పోసిన కుండలో దాచేవాళ్ళం. మా పెళ్ళయిన మొదటి వేసవిలో ఆ సీసాలు వడగాడ్పులకు పాడైపోయాయి. చూడ్డానికి మామూలుగానే ఉంటే మాకేం తెలుస్తుంది? సూది వేస్తూనే ఉన్నాం. ఆయన నాలుగు రోజులు చెంబులకు చెంబులు నీళ్ళు తాగి, ఐదో రోజు బడిలో నల్లబల్ల ముందే పడిపోయారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునేటప్పటికి నా ప్రాణాలు నాలో లేవు.

మా ఊరికి ఇప్పటికీ కరెంటు లేదు. పొగాకు కంపెనీ బంగళా ఖాళీ చేస్తున్నారని, అక్కడ కిరసనాయిలుతో నడిచే ఐసుపెట్టె ఉందని తెలుసుకుని, ఎడ్లబండి మీద ఎండుగడ్డి పరిపించి దాన్ని మా ఇంటికి చేర్చింది బాబాయే. కింద మంట వెలిగిస్తే లోపల చల్లబడే పెట్టె అది. మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు.

"నిప్పు పెట్టి చల్లబరచడమేందయ్యా సాయిబూ, నన్నేమన్నా ఎర్రిదాన్ని చేస్తన్నావా?"

"లోపలున్న వేడిని మోసుకెళ్ళి ఎనక గొట్టాల్లోంచి అవతల పారేస్తదక్కా. మంట దానికి కూడు. కూడు పెట్టకుండా కూలోడు మూట మోస్తాడా?"

మన ఇళ్ళల్లో గచ్చు కడిగిన నీళ్ళు తూముకు పోయేటట్టు వాటంగా చేస్తారు కదా. ఈ పెట్టె రవ్వంత ఒరిగినా పనిచేయదట. బాబాయి దాని నెత్తిన పళ్ళెంనిండా నీళ్ళు పెట్టి, ఏ పక్కకు ఒలికితే ఆ పక్క కాలి కింద పలకముక్క తోసి, గంటసేపు అలా సరిచేశారు. మా అత్తగారు శుక్రవారం శుక్రవారం ఆ గది కడిగేవారు. పలకముక్కలు అడ్డమని తీసి శుభ్రంగా గూట్లో పెట్టేవారు. మంట సన్నగా ఉంటే ఇంటికి మంచిది కాదని వత్తి పైకి లాగేవారు. ఇక నేను చల్లబడిందో లేదోనని అరగంటకోసారి తలుపు తీసి చూసేదాన్ని. ఇద్దరం కలిసి దాన్ని చంపడానికి కంకణం కట్టుకున్నట్టే ఉండేది.

మరుసటి వేసవి, రోహిణి కార్తెలో అది ఆగిపోయింది. మంట వెలుగుతూనే ఉంది, లోపల మాత్రం ఉడుకు. అప్పుడే తెచ్చిన రెండు నెలల మందు అందులో ఉంది. బాబాయి వచ్చి వాటం చూశారు, పొగగొట్టంలో మసి దులిపారు, వత్తి కత్తిరించారు. వెనక గొట్టాల మీద చెయ్యి వేసి చూసి తల ఊపారు.

"కింద కాలిపోతంది, పైకి ఏమీ పోవడంలా. గొట్టాల్లో తిరిగే సరుకు ఎక్కడో ఇరుక్కుంది అమ్మాయ్. మంట ఆర్పి, తలకిందులు చేసి ఉంచితే కదులుద్ది."

మంట ఆర్పాలన్న మాట వినగానే మా అత్తగారు వచ్చి పెట్టెకు అడ్డంగా కూర్చున్నారు. వచ్చిన రోజు నుంచీ ఆమె దానికి పసుపురాసి బొట్టు పెడుతున్నారు. ఆమె దృష్టిలో అది పెట్టె కాదు.

"నా బిడ్డ పేరున ఎలుగుతున్న దీపం అది. కొండెక్కిస్తానంటే నా కాళ్ళిరగ్గొట్టి ఎక్కించు."

"ఆ బిడ్డే పోతాడు అత్తయ్యా, లేవండి!" అని అరిచేశాను. కోడలినై ఏడాది, అంతవరకు ఆమె ముందు గొంతెత్తి ఎరగను.

బాబాయి నన్ను వెనక్కి వెళ్ళమని సైగ చేసి, ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నారు. "ఆర్పనులే అక్కా. దీపానికి ఇల్లు మారుస్తా. ప్రమిద తీసుకురా."

ఆమె లేచి వెళ్ళి ప్రమిద తెచ్చారు. ఆ మంటలోంచి వత్తి అంటించి దేవుడి గూట్లో పెట్టాక, ఆమే స్వయంగా "ఇక కానీయ్" అన్నారు. కిరసనాయిలు వంపేసి, నలుగురు పట్టి పెట్టెను పాతబొంతల మీద తలకిందులుగా నిలబెట్టారు. సీసాలు మళ్ళీ ఇసుక కుండలోకి వెళ్ళాయి. ఆ రోజంతా కుండ మీద నీళ్ళు చల్లుతూ, పెట్టె దగ్గరికీ కుండ దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను.

"నీ కంగారు చూస్తే దానిక్కూడా జొరం వచ్చేటట్టుంది, కాసేపు కూకోమ్మా" అన్నారు బాబాయి. నేను కూర్చోలేదు.

మర్నాడు నిలబెట్టి, మధ్యాహ్నం దాకా కదపకుండా ఉంచి, గూట్లోని ప్రమిదతోనే వెలిగించారు. సాయంత్రానికి గిన్నెలో నీళ్ళ మీద సన్నటి మీగడలా ఐసు కట్టింది. మా అత్తగారు వేలితో తాకి చూసి, "బాగుపడతావయ్యా" అని ఆయన నెత్తిన చెయ్యి పెట్టారు. ఆ రోజు నుంచి ఆమె వత్తి ముట్టుకోలేదు. నా మీద నమ్మకం లేక, బాబాయి తలుపు పిడికి తాడు కట్టి, "రోజుకు రెండుమాట్లే" అని చెప్పి వెళ్ళారు.

తర్వాత ప్రతి శుక్రవారం నమాజు కాగానే వచ్చి, వంగి మంట చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళేవారు. తొమ్మిదేళ్ళు. నేను ఒక్కసారైనా ఆయన్ని కూర్చోబెట్టి, నా పసుపుకుంకుమలు మీ చలవే బాబాయి గారూ అని చెప్పలేదు. ఎప్పుడో చెప్పొచ్చులే అనుకున్నాను. ఈ నాలుగు రోజులుగా నన్ను నిలవనీయకుండా తిప్పుతున్నది అదేనేమో.

మొన్న మా ఆయన కూడా పాడెకు భుజం పట్టి, మూడు దోసిళ్ళ మట్టి వేసి, సూది వేళ దాటిపోయాక ఇంటికి వచ్చారు. బావి దగ్గర స్నానం చేసి, తడిబట్టలతోనే లోపలికి వెళ్ళి పెట్టె తలుపు తీశారు. నేను మరగబెట్టిన సూది పట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఆయన సీసాను గుప్పిట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"వేళ మించిపోయిందండీ" అన్నాను.

"ఎంత చల్లగా ఉందో చూడవే" అన్నారు. భుజాలు కదిలిపోయేలా ఏడుస్తున్నారు.

మందు వేడెక్కిపోతుందని నేను ఆయన వేళ్ళు విప్పబోయాను. ఆయన వదల్లేదు.