నలభై రూపాయల కొర్రమీను

నాగులేటి ఒడ్డున కిలోన్నర కొర్రమీనుని నలభై రూపాయలకి అమ్మినవాణ్ణి నేను. ఎనభైల నడిమి మాట. అదే చేప సత్తెనపల్లి బజార్లో పాతిక చెప్పి ఇరవైకి ఇచ్చే రోజులు. మా తాత బెల్లం అమ్మాడు. మా నాన్న బెల్లంతోపాటు చింతపండూ ఎండుమిరపకాయలూ అమ్మాడు. సరుకుని దాని ధరకి రెట్టింపుకి, తక్కెడ లేకుండా, కొన్నవాడు నవ్వుతూ వెళ్ళేటట్టు అమ్మినవాడు మా వంశంలో నేనొక్కణ్ణే. ఆ చేప నాది కాకపోవడం, అది అమ్మకానికి పెట్టింది కాకపోవడం, మా ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా పైకి అనకపోవడం, ఇవి చిన్న చిన్న లోపాలు.

చేప నా స్నేహితుడిది. సత్తెనపల్లిలో మా కొట్టు వెనక వీధిలో ఒకటిన్నర గది వాటాలో భార్యతో అద్దెకుండేవాడు. మిషన్ బళ్ళో టీచరు. ఆ చేప మీద వాడి మంచం ఆధారపడి ఉంది.

ఆ ఏడు మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, వాడి అత్తగారు నాలుగు రోజులుందామని వచ్చింది. గుండ్లకమ్మ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. మొదటిరోజు భోజనాల దగ్గర వీడు ఊరుకోకుండా, "నాగులేట్లో నేను గాలం వేస్తే కొర్రమీను పడకుండా పోదత్తయ్యా" అన్నాడు. ఆవిడ ముద్ద కంచంలో పెట్టేసి, "అట్టయితే నువ్వు పట్టిన కొర్రమీను పులుసు తినే పోతాలే అల్లుడూ" అంది. వీడు దాన్ని మర్యాద అనుకున్నాడు. ఆవిడ నిర్ణయంగా చెప్పింది.

ఇంట్లో ఉన్నది ఒక్క నవారు మంచం. అది అత్తగారికి పోయింది. కింద చాపలో వాడి భార్య. వాడికి చోటు లేక బళ్ళో రెండు బల్లలు జతచేసుకుని పడుకునేవాడు. ఆ రెండు బల్లలూ ఒక ఎత్తువి కావు. రెండో వారానికల్లా వాడి మెడ ఎడమకి వంగిపోయింది. పాఠం చెబుతుంటే మూడో తరగతి పిల్లలందరూ మెడలు ఎడమకి వంచి వినేవాళ్ళట, మాస్టారికి సూటిగా కనబడాలని.

"ఒరేయ్, నాకు చేప కావాలి. చేప పడితే ఆవిడ వెళుతుంది. ఆవిడ వెళితే నా మంచం నాకొస్తుంది" అన్నాడు నాతో, మా కొట్టు ముందు మెడ పట్టుకుని.

చేప తినని నేను గాలం పట్టి ఏట్లో ఎందుకు కూర్చున్నానంటే, ఆ పని నాకు కొత్తగా అనిపించలేదు. ముందు మనమేదో ఇస్తున్నట్టు ఎర చూపించాలి. బెండు మునిగేదాకా ముఖంలో ఏ భావమూ కనపడనీయకూడదు. మునిగాక మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. ఇదంతా మా గల్లాపెట్టె పక్కన నాకు పదేళ్ళప్పుడే నేర్పారు. ఆదివారం కొట్టుకి సెలవు. దాచేపల్లి వెళ్ళి సున్నం ధర కనుక్కొస్తానని నాన్నకి చెప్పేవాణ్ణి. వాడు చర్చిలో ఉదయం ఆరాధన ముగించుకుని వచ్చేవాడు. ఇద్దరం తొమ్మిదింటి బస్సెక్కేవాళ్ళం. నాలుగు ఆదివారాలు వెళ్ళాం. నాలుగు ఆదివారాలూ సున్నం ధర మారలేదు. నాన్న మాత్రం ప్రతిసారీ శ్రద్ధగా విన్నాడు.

మొదటి ఆదివారం ఒక్క చేప ముట్టలేదు. వాడు నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మూడు తుమ్ములు తుమ్మి, "వారమంతా మిరపకాయల బస్తాల్లో పెట్టిన చేతులతో వానపాము గుచ్చుతావా? నోట్లో పెట్టుకున్న చేప నీళ్ళకోసం పరిగెత్తదూ?" అన్నాడు. చేప నీళ్ళలోనే ఉంది కదా అన్నాను. ఆ మాటకి వాడు రెండో ఆదివారం దాకా నాతో మాట్లాడలేదు. రెండో ఆదివారం నా చేతులకి ఒండ్రుమట్టి పూసి కూర్చోబెట్టాడు. ఒక తాబేలు వచ్చి చూసి పోయింది.

మూడో ఆదివారం నేను తెలివి ఉపయోగించాను. వంతెన దగ్గర వలవేసేవాడి బుట్టలో కొర్రమీను కనబడింది. పద్దెనిమిది చెప్పాడు. పదకొండుకి తెచ్చాను.

"మా అత్తయ్య ఏటి ఒడ్డు మనిషిరా. గాలం గాటు ఉందో లేదో చూస్తుంది" అన్నాడు వాడు.

"గాటేగా, పెడదాం" అన్నాను.

తిరుగు బస్సులో మా సీటు కింద రెండు మిరప టిక్కీలు, అంటే కుక్కి కుట్టిన బస్తాలు, వేశారు. బస్సంతా తుమ్ములు. నేను సంచిలో చెయ్యిపెట్టి, చచ్చిన చేప పెదవిని వెతుక్కుని గాలం గుచ్చాను. సరిగ్గా అప్పుడే నాకూ తుమ్మొచ్చింది. గాలం చేప పెదవిని దాటి నా చూపుడువేల్లో దిగింది. పిడుగురాళ్ళ దాకా నేనూ చేపా ఒకే గాలానికి ఉన్నాం. అక్కడ దిగి, సైకిల్ షాపువాడి పట్టకారుతో విడిపించుకున్నాం. షాపువాడు చేపని చూసి నన్ను చూసి, ముందు ఎవర్ని తియ్యమంటారని అడిగాడు.

అత్తగారు మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చేపని చేతిలోకి తీసుకుని, మొప్ప ఎత్తి చూసింది, పొలుసు మీద వేలు రాసింది, పెదవి తిప్పింది. తరవాత గుడ్డ కట్టిన నా వేలు చూసింది.

"ఇది వల్లో పడ్డ చేప అల్లుడూ. ఒళ్ళంతా పొలుసు రాసుకుపోయింది. పెదివికి గాటుంది గానీ నెత్తురు లేదు. నెత్తురేమో ఈ శెట్టిగారబ్బాయి వేలికుంది" అంది. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు గాలంతో పట్టింది ఈ అబ్బాయినే. పులుసుకి పనికిరాడు" అంది.

ఆ చేప వండి కూతురికీ అల్లుడికీ పెట్టింది. తను మాత్రం ముట్టలేదు. వాడు దిండు చంకన పెట్టుకుని బడికి వెళ్ళాడు.

నాలుగో ఆదివారం పడింది.

ఏటిలో నాపరాళ్ళు అరుగుల్లాగా మెట్లు మెట్లుగా ఉండే చోటు అది. వాడు చిన్న కప్పని గాలానికి గుచ్చి తుంగ మధ్యలోకి జారవిడిచాడు. పదకొండు దాటాక తుంగ కదిలింది. కర్ర వంగింది. వాడు లాగాడు, జారాడు, చేపతోపాటు బురదలో పడ్డాడు, దాన్ని రెండు చేతులా కావలించుకుని మోకాళ్ళ మీద పైకొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతూ, నా మోచెయ్యంత కొర్రమీను. పెదవికి గాటుంది, గాటులో నెత్తురుంది. చింతపండు తూచిన చెయ్యి కాబట్టి ఎత్తి చూసి కిలోన్నర అని చెప్పాను.

వాడి మెడ ఆ క్షణంలో నిటారుగా అయిందని ఇప్పటికీ నా నమ్మకం.

దాని మొప్పలోంచి తాడు దూర్చి, నీళ్ళలో ఉంచి, తాడు కొస నా చేతికిచ్చాడు. ఒళ్ళంతా బురద కాబట్టి మలుపు అవతల స్నానం చేసొస్తానన్నాడు. చొక్కా, ప్యాంటు, తువ్వాలు నా పక్కన రాయి మీద పెట్టాడు.

"గద్ద జాగ్రత్త. కుక్కలొస్తాయి, చూసుకో. తాబేలు మళ్ళీ వస్తే రాయి విసురు. తాడు మాత్రం వదలకు" అన్నాడు.

గిరాకీ జాగ్రత్త అని అనలేదు.

వాడు మలుపు తిరిగిన పావుగంటకి ఒడ్డు మీద ఒకాయన సైకిల్ ఆపాడు. తలనుంచి కాళ్ళదాకా తెల్లగా ఉన్నాడు. సున్నం బట్టీలో మేస్త్రీ అయ్యుంటాడు. కిందికి చూసి, "ఏమండీ, చేప ఎంత?" అన్నాడు.

ఇక్కడ మా కొట్టు సంగతి ఒకటి చెప్పాలి. మా కొట్టు మీద 'లేదు' అనే మాట అనకూడదు. సరుకైపోతే నిండుకుందంటాం. ఇవ్వడం ఇష్టం లేకపోతే 'అమ్మం' అని కూడా అనం, వచ్చిన లక్ష్మికి ఎదురు చెప్పినట్టవుతుందని. అడిగినవాడు తనంతట తనే వెళ్ళిపోయే ధర చెబుతాం. కాబట్టి, ఇది అమ్మేది కాదండీ అని నాలుగు మాటలు చెప్పాల్సిన చోట, ఆయన్ని మర్యాదగా పంపించేద్దామని నేనొక్క మాట అన్నాను.

"అరవై."

"అరవైకి మేకపిల్లొచ్చుద్ది."

"మేకపిల్ల ఏట్లో దొరకదండీ."

ఆయన సైకిల్ స్టాండ్ వేసి కిందికి దిగాడు. చేపని పైకెత్తి చూశాడు.

"పదిహేనిస్తా."

"పదిహేనుకి దాని తలకాయ కూడా రాదు. ప్రాణంతో ఉంది, చూడండి, మీకేసే చూస్తోంది."

"చూస్తే ఏంది, మాట్టాడుద్దా? ఇరవై."

"ఇరవై బజారు ధర. బజార్లో నిన్నటి చేప, ఐసులో పెట్టింది. ఇది పదకొండింటి దాకా ఈదుతూనే ఉంది."

"ఇరవయ్యైదు. ఇంక నా దగ్గర లేవు."

"లేకపోతే పోనివ్వండి."

ఆయన లేచి, సైకిల్ తీసుకుని బయల్దేరాడు. అంతటితో అయిపోయింది. వాడి మంచం వాడికి దక్కింది. నేను నోరు మూసుకుంటే చాలు.

కానీ ఆయన సైకిల్ ఎక్కలేదు. నడిపించుకుంటూ పోతున్నాడు. నిజంగా వెళ్ళేవాడు పెడలు మీద కాలు వేస్తాడు. వెనక్కి పిలుస్తారని ఎదురు చూసేవాడు హ్యాండిల్ పట్టుకుని నడుస్తాడు. ఇంత పచ్చిగా నటిస్తున్న గిరాకీని చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. పన్నెండో అడుగు దగ్గర నేనే పిలిచాను.

"యాభై ఇవ్వండి, మాట మిగులుతుంది."

ఆ తరవాత ఏరు లేదు, స్నేహితుడు లేడు, మంచం లేదు. ఆయనా నేనూ మధ్యలో ఒక అంకె. ఇంటికి బావమరిది వచ్చాడని నోరుజారి చెప్పాడు. ఆ ఒక్క మాటకి పది రూపాయలు పెంచి పట్టుకున్నాను. నలభై దగ్గర ఆయన చొక్కా లోపలి జేబులోంచి నాలుగు పది నోట్లు తీసి లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. లేవన్న డబ్బులు అవే.

"కొసరేదండీ?" అన్నాడు.

కొసరు అడిగినవాణ్ణి వట్టి చేతుల్తో పంపడం మా కొట్టు మీద లేదు. చుట్టూ చూశాను. పక్కన తువ్వాలుంది. తడిపి, చేపని అందులో చుట్టి ఇచ్చాను. దారిలో ఎండకి పాడవదని జాగ్రత్త కూడా చెప్పాను. ఆయన దణ్ణం పెట్టి, పెడలు మీద కాలు వేసి వెళ్ళాడు.

నేను నాలుగు నోట్లనీ మడిచి, ఇంట్లో ఎవరికి ముందు చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు చేతిలో ఖాళీ తాడు కనబడింది.

పైకెక్కి చూశాను. రోడ్డు మీద సైకిల్ లేదు. ఉన్నా చేసేదేమీ లేదు. డబ్బు పుచ్చుకున్నాక బేరం తిప్పడం, మా నాన్న లెక్కలో, పీటల మీద పెళ్ళి ఆపడమంత తప్పు.

వాడు తడి నిక్కరుతో, ఒళ్ళు వణుకుతూ వచ్చాడు. రాయి మీద చెయ్యి పెట్టి తడిమాడు.

"నా తువ్వాలేదిరా?"

"కొసరు కింద పోయింది."

"దేనికి కొసరు?"

చెప్పాను. వాడు చొక్కాతో ఒళ్ళు తుడుచుకున్నాడు, ఆ చొక్కానే తొడుక్కున్నాడు. మెడ మళ్ళీ ఎడమకి వంగింది.

"ఎంతకి?" అన్నాడు చివరికి.

"ముప్ఫై" అన్నాను. భాగస్తుడికి అసలు ధర చెప్పకపోవడం నా నోటికి పుట్టుకతో వచ్చిన అలవాటు. మూడు నోట్లు వాడి చేతిలో పెట్టాను.

తిరుగు బస్సెక్కాం. మిరప టిక్కీలు లేకపోయినా వాడు దారంతా ముక్కు చీదుతూనే ఉన్నాడు.

అత్తగారి ముందు నేనే చెప్పాను. ఆవిడ గింజలు తీయడం ఆపి, మొదటినుంచి చెప్పమంది. అరవై అన్నది, మేకపిల్ల అన్నది, సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళింది, అంతా. కొసరు దగ్గరికి వచ్చేసరికి పమిట చెంగు నోట్లో కుక్కుకుని మంచం మీద అటూ ఇటూ ఊగింది. వాడి భార్య గోడకేసి తిరిగి నవ్వింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని అల్లుణ్ణి దగ్గరికి పిలిచింది.

"చేప నువ్వే పట్టావయ్యా. నమ్మాను. అబద్ధమాడేవాడు గాలం తెంపుకుపోయిందని చెప్తాడు. ఎదురుంగా కూచుని అమ్ముకున్నామని ఎవడూ చెప్పడు."

"మరి పులుసు అత్తయ్యా?"

"ఆ డబ్బులిట్టా తే. నీ చేప డబ్బులతో కొన్న చేప నీ చేపే."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నోట్లు లెక్కపెట్టి నాకేసి చూసి, "కిలోన్నర చేపకి ముప్ఫయ్యేనా శెట్టిగారబ్బాయ్? బావమరిది వచ్చాడన్నాక వదులుతారా? నేనైతే నలభై లాగేదాన్ని" అంది.

నా చొక్కా జేబులో నాలుగో నోటు ఉంది. నా జన్మలో చేసిన అతి గొప్ప బేరం ఉంది. తల వంచుకుని, "అనుభవం చాలదండీ" అన్నాను.

ఆవిడే బజారుకెళ్ళి ఇరవై ఒకటికి కొర్రమీను తెచ్చింది. రెండు ముక్కలు ఎక్కువే తింది. మర్నాడు ఉదయం అద్దంకి బస్సెక్కింది. మంచం వాడికి వచ్చింది. వారం రోజుల్లో మూడో తరగతి పిల్లల మెడలు సర్దుకున్నాయి.

ఇక లెక్క. అత్తగారి చేతికి వెళ్ళిన ముప్ఫైలో చేపకి ఇరవై ఒకటి, అల్లుడికి కొత్త తువ్వాలుకి ఏడు, చర్చి కానుక పళ్ళెంలో రెండు. చెల్లు. నా వైపు ఖర్చు: నాలుగు ఆదివారాల బస్సు ఛార్జీ ముప్ఫై రెండు, వంతెన దగ్గర కొన్న చేప పదకొండు, గాలాలూ దారమూ మూడు. మొత్తం నలభై ఆరు. చెప్పకుండా ఉంచుకున్న పది పోగా, నష్టం ముప్ఫై ఆరని అప్పట్లో రాసుకున్నాను. ఆ పది నాది కాదు, వాడిది. నష్టం నలభై ఆరు.